ఇంకో మహమ్మారి వస్తే మన గూడేలను ఎవరు అడుగుతారు? గ్రామసభ తీర్మానానికి మీ అనుభవాలు కావాలి

గూడెం_బడి
ఆగస్టు 10, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. అక్కడే పుట్టాను, ఇప్పుడు పక్క ఊరి బడిలో పంతులుగా చేస్తున్నాను. నిన్న ఆదివాసీ దినోత్సవం జెండా ఎగరేశాక పెద్దమనుషులు చెట్టుకింద కూర్చుంటే కరోనా రోజుల మాట వచ్చింది. అప్పుడు జరిగినట్టు మళ్లీ జరగకూడదు, వచ్చే నెల గ్రామసభలో తీర్మానం పెడదాం, నువ్వే రాసుకురా అన్నారు. రాద్దామని కూర్చుంటే మా ఊరి సంగతి తప్ప నాకు ఏమీ తెలియదని అర్థమైంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందు మా ఊరి సంగతి. 2020 మార్చి 24 రాత్రి టీవీలో లాక్‌డౌన్ అని చెప్పడానికి రెండు రోజుల ముందే మావాళ్లు ఊరి దారికి అడ్డంగా మొద్దులు పడేశారు. ఏ ఆఫీసరూ చెప్పలేదు. మా తాతల కాలంలో గత్తర (కలరా) వచ్చినప్పుడు ఊరి పొలిమేర మూసేసి, కొన్ని కుటుంబాలు చేలల్లో మంచెల దగ్గరికి విడిగా వెళ్లిపోయేవట. ముసలివాళ్లకు ఆ మాట గుర్తుంది. మొద్దు పక్కన బిందెతో నీళ్లు, సబ్బు పెట్టారు. ఆ మొదటి మూడు నెలల్లో మా ఊళ్లో ఒక్కరికీ రాలేదు.

మమ్మల్ని దెబ్బ తీసింది అంగడి మూతపడటం. అది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే ఏరి, ఎండబెట్టి బస్తాల్లో పోసుకున్నాం. కొనేవాడు లేడు. రేషన్ బియ్యం మనిషికి 12 కిలోలు వచ్చాయి, కార్డున్న ఇంటికి 1,500 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. బ్యాంకు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దూరం, బస్సు లేదు. బియ్యం ఉన్నాయి కానీ ఉప్పు లేదు, నూనె లేదు. పది రోజులు మా అమ్మ చింతపండు పులుసులో కూడా ఉప్పు లెక్కపెట్టి వేసింది. అదే వారంలో గురుకులం నుంచి ఊరి పిల్లలు పద్నాలుగు మంది ఇంటికి వచ్చేశారు. అక్కడ గుడ్డు తినే పిల్లలు ఇక్కడ గంజి తాగారు.

ఆ మూత వేసేముందు మమ్మల్ని ఒక్కమాట అడిగి ఉంటే అంగడి ఎలా నడపాలో మేమే చెప్పేవాళ్లం. మీ దగ్గర ఏం జరిగింది? తీర్మానంలో ఏం రాయమంటారు?

సీతంపేట_సిస్టర్
ఆగస్టు 10, ఉదయం 9:15

మాస్టారూ, నేను సీతంపేట ఏజెన్సీలో ఏఎన్ఎంగా పదమూడేళ్ల నుంచి చేస్తున్నాను. నా పరిధిలోవి ఎక్కువగా సవర గ్రామాలు.

జ్వరం గురించి తప్పకుండా రాయండి. మా కొండల మీద వానలు మొదలయ్యాక జ్వరం అంటే ముందు మలేరియా. రక్తపు చుక్క తీసి పరీక్ష చేయడం, దోమల మందు కొట్టించడం ప్రతి ఏడాదీ ఉండే పనే. 2020లో జ్వరమని చెబితే కిందికి పట్టుకుపోతారని భయం పట్టుకుంది. మేం కొండ ఎక్కడం చూడగానే జ్వరమున్నవాళ్లు పోడు చేలలోకి వెళ్లిపోయేవారు. మలేరియా మాత్రలు వేసుకోవాల్సినవాళ్లు కూడా దాక్కున్నారు.

ఆ భయం ఊరికే రాలేదు. ఒక ముసలమ్మకు పాజిటివ్ వస్తే మైదానంలో ఒక కోవిడ్ కేంద్రానికి పంపారు. ఆమెకు సవర తప్ప వేరే భాష రాదు. అక్కడ సవర వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. దాహమేస్తే ఎవరిని ఎలా అడగాలో తెలియక చేతితో నోరు చూపించేదట. నర్సులు నోరు నొప్పి అనుకున్నారట. పదకొండు రోజులకు ఇంటికి వచ్చింది, ఇప్పటికీ బాగుంది. కానీ ఆమె చెప్పింది విన్నాక చుట్టుపక్కల నాలుగు గ్రామాల నుంచి పరీక్షకు ఎవరూ రాలేదు.

రెండో వేవ్‌లో ఒక గ్రామం వాళ్లే దారి చూపించారు. ఇంట్లో ఉండాలంటే విడి గది, విడి బాత్‌రూం ఉండాలన్నది నిబంధన. ఒకే గది ఇళ్లలో అది ఎలా కుదురుతుంది? బడి తాళం తీయించండి, మావాళ్లను అక్కడ పెట్టుకుంటాం అన్నారు. ఐదుగురిని అక్కడే ఉంచాం. గంజి, కూర ఇళ్ల నుంచే వచ్చేవి. వరండా అవతల నుంచి పిల్లలు కనబడేవారు. ఆశ అమ్మాయి రోజుకు రెండుసార్లు ఆక్సీమీటర్ పెట్టి చూసేది, తగ్గితే కిందికి దింపడానికి డోలీ సిద్ధంగా ఉండేది. ఐదుగురూ కోలుకున్నారు. ముఖ్యంగా, ఆ తర్వాత జ్వరం వచ్చిన వాళ్లు తమంతట తామే వచ్చి చెప్పారు.

ఇంకొకటి. డోలీ మోసే కుర్రాళ్లను మాస్టారు తప్పకుండా రాయాలి. అంబులెన్స్ డ్రైవరుకు కిట్ ఇచ్చారు, టీకా ముందు ఇచ్చారు. అదే రోగిని నాలుగు కిలోమీటర్లు భుజం మీద మోసుకొచ్చి ఆ అంబులెన్స్ ఎక్కించినవాళ్లకు ఒక మాస్కు ఇచ్చినవాళ్లు లేరు. వాళ్లు ఆరోగ్య సిబ్బంది కారా?

కాఫీతోట
ఆగస్టు 10, మధ్యాహ్నం 12:05

అరకు వైపు మాకు కాఫీ, మిరియం, కొద్దిగా పసుపు ఉన్నాయి. మాస్టారు అంగడి అన్నది మాకు సంత. మార్చి, ఏప్రిల్‌లో చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు సంతకు దిగే కాలం. సంత లేకపోతే షావుకారు ఊళ్లోకే వస్తాడు. లాక్‌డౌన్ ఉన్నా చీకటి పడ్డాక వ్యాను వచ్చేది. "పోలీసులు చూస్తే కేసు, ఇంత రిస్కు చేసి వచ్చాను" అని సగం ధర చెప్పేవాడు. ఇవ్వక ఏం చేస్తాం? ఊరికి మనిషిని రానివ్వకూడదని మూసిన సంతే అతన్ని ఇంటి గుమ్మం దాకా తీసుకొచ్చింది.

అడవి సరుకు ఏరుకోవచ్చని కేంద్రం ఏప్రిల్ మధ్యలో సడలింపు ఇచ్చింది. మే 1న 49 రకాల అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పెంచింది. మంచిదే, కాదనను. కానీ అప్పటికి ఇప్పపువ్వు కాలం అయిపోయింది, చింతపండు చాలామంది అమ్మేసుకున్నారు. అడవికి క్యాలెండర్ ఉంటుంది. దాన్ని తెలిసినవాళ్లను మార్చిలో అడిగి ఉంటే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) బండ్లు ఊరూరా తిరిగి కొనేవి.

టూరిస్టుల సంగతి కూడా. నిబంధనలు సడలించగానే లంబసింగి, వంజంగి, అరకు కార్లతో నిండిపోయాయి. మా ఊరివాళ్లు సంతకు వెళ్లడానికి లేదు, ఊరికి సంబంధం లేనివాళ్లు వచ్చి మా కొండ మీద ఫొటోలు దిగారు. ఏ ఊరి మీదుగా ఎంతమంది రావాలో ఆ ఊరు చెప్పాలి.

పాడేరు_అమ్మాయి
ఆగస్టు 10, మధ్యాహ్నం 2:40

మాస్టారూ, నేను లా మూడో సంవత్సరం. పై పోస్టులు చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. మీ ఊరికి అంగడి మీద ఇప్పటికే చట్టపరంగా హక్కు ఉంది.

1996లో వచ్చిన పెసా చట్టం (పంచాయతీ ఏర్పాటును షెడ్యూల్డ్ ప్రాంతాలకు, అంటే మన ఏజెన్సీకి, విస్తరించిన చట్టం) సెక్షన్ 4లో ఆ ప్రాంతాల గ్రామసభకో, పంచాయతీకో ఇవ్వాల్సిన అధికారాల జాబితా ఉంది. గ్రామ మార్కెట్లను, వాటి పేరు ఏదైనా సరే, నిర్వహించే అధికారం అందులో స్పష్టంగా ఉంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది. సామాజిక రంగాల సంస్థలు, వాటి సిబ్బంది మీద నియంత్రణ కూడా ఉంది. ఆస్పత్రి, అంగన్‌వాడీ, బడి అందులోకే వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో దీనికి రూల్స్ 2011లో వచ్చాయి.

2020లో నడిచినవి వేరే రెండు చట్టాలు. ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం, రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం. ఊరు మూసేముందు గ్రామసభను అడగాలని వాటిలో ఎక్కడా లేదు. కానీ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఐదో పేరా ప్రకారం, ఏ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గానీ, ఫలానా మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. అంటే "ఏజెన్సీలో అంటువ్యాధుల చట్టం గ్రామసభను సంప్రదించాకే అమలు చేయాలి" అనే ఒక వాక్యం చేర్చడానికి దారి ఉంది. మీ తీర్మానంలో అది అడగండి. పక్క పంచాయతీలు కూడా అదే మాట రాస్తే బలం వస్తుంది.

ఇంకో విషయం నన్ను చాలా బాధపెట్టింది. 2020 ఏప్రిల్ 22న, అందరం ఇళ్లలో బందీలుగా ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో నంబర్ 3ను కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో అది. తీర్పు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కానీ ఆ రోజు ఒక ఊరేగింపు తీయడానికి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు ముందు కూర్చోవడానికి మాకు వీలు లేదు. మహమ్మారిలో హక్కులు కాపాడటం అంటే ఇది కూడా అనుకుంటాను. జనం బయటికి రాలేని రోజుల్లో వాళ్ల భూమి గురించి, ఉద్యోగాల గురించి పెద్ద నిర్ణయాలు జరగకూడదు.

ఉట్నూరు_తుడుం
ఆగస్టు 10, సాయంత్రం 5:20

పాడేరు చెల్లెలు చెప్పింది నూటికి నూరు నిజం. దానికే ఇంకొకటి కలుపుతాను. పర్యావరణ అనుమతుల నిబంధనలు మార్చే ముసాయిదా 2020 మార్చిలో తెచ్చారు. అభ్యంతరాలు చెప్పడానికి మొదట ఇచ్చింది 60 రోజులు. ఢిల్లీ హైకోర్టు గడువు ఆగస్టు 11 దాకా పెంచి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించమంది. ఆ 22లో ఆదివాసీ భాషలు రెండే, సంతాలీ, బోడో. గోండి లేదు, కోయ లేదు, కొలామి లేదు, సవర లేదు, కువి లేదు. గనులు తవ్వేది మాత్రం ఈ భాషలు మాట్లాడే నేల మీదే. అదే ఏడాది జూన్ 18న బొగ్గు గనుల వేలం కూడా మొదలుపెట్టారు.

భాష సంగతి జబ్బు దగ్గర ఇంకా ముఖ్యం. మా దగ్గర పోస్టర్లన్నీ తెలుగులో వచ్చాయి. మా నానమ్మకు "భౌతిక దూరం" అని చదివి వినిపిస్తే, ఎవరితో తగువు పెట్టుకోవాలి అని అడిగింది. రాయ్ సెంటర్ (మా గోండుల పంచాయితీ) పెద్దలు, ఊరి పటేల్ కూర్చుని గోండిలో చెప్పాలని అనుకున్నారు. మేం నలుగురం కుర్రాళ్లం ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాం. సిగ్నల్ లేని ఊళ్లకు పటేల్ మనిషిని పంపి నోటితో చెప్పించాడు. అది పది రోజుల పని. ప్రభుత్వం చేయాలనుకుంటే ఒక్క రోజులో అవుతుంది.

మా చిన్నాన్న కొడుక్కి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. నెలా నెలా రక్తం ఎక్కించాలి. బస్సులు ఆగాక రెండు నెలలు వెళ్లలేకపోయాడు. మూడో నెల ఒక ట్రాక్టర్ మీద, దారిలో మూడుచోట్ల కాగితం చూపించి తీసుకుపోయాం. కరోనా రాలేదు వాడికి. కరోనా లెక్కలో వాడు ఎక్కడా లేడు. కానీ దాదాపు పోగొట్టుకున్నాం. తీర్మానంలో సికిల్ సెల్, టీబీ, బాలింతల కోసం బండి ఆగకూడదని రాయండి అన్నా.

ఖమ్మం_డాక్టర్
ఆగస్టు 10, రాత్రి 8:45

అందరూ చెప్పింది శ్రద్ధగా చదివాను. నేను రెండు వేవ్‌లలోనూ వార్డులో పనిచేశాను. ఒక సందేహం అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు.

అంటువ్యాధి రోజుల్లో కాదు, గంటల్లో పాకుతుంది. గ్రామసభ కోరం కోసం, నోటీసు కోసం ఎదురుచూస్తే ఆలోగా ఊరంతా అంటుకుంటుంది. ఊరి నిర్ణయం ఎప్పుడూ మంచిదే అని ఎలా చెప్తాం? టీకా వద్దని తీర్మానం చేస్తే? బయటి నుంచి వచ్చిన తమ మనిషినే ఊళ్లోకి రానివ్వకపోతే? నేను చూసిన ఒక కేసులో హైదరాబాద్ నుంచి నడిచి వచ్చిన కుర్రాణ్ని ఊరి బయట చేనులో పద్నాలుగు రోజులు ఉంచారు. వానకు తడిసి, తిండి సరిగ్గా అందక, నా దగ్గరికి వచ్చేసరికి న్యుమోనియా. అతనికి కరోనా నెగెటివ్.

సీతంపేట_సిస్టర్
ఆగస్టు 10, రాత్రి 9:30

డాక్టర్ గారూ, మీరు చెప్పిన కుర్రాడిలాంటి సంగతి మా దగ్గరా జరిగింది. దాచను. ఊళ్లు భయంలో కఠినంగా ఉంటాయి. అందుకే ముందే రాసుకోవాలంటున్నాం. విడిగా ఉంచితే గూడు, తిండి, రోజుకోసారి పలకరింపు ఊరి బాధ్యత అని ముందే రాసి ఉంటే ఆ కుర్రాడు తడిసేవాడు కాదు.

టీకా సంగతి. 2021లో మా దగ్గర కూడా మొదట వద్దన్నారు. వేసుకుంటే చనిపోతారు, పిల్లలు పుట్టరు అని ఫోన్లలో వచ్చేవి. కేసు పెడతాం, రేషన్ ఆపుతాం అని ఎవరో బెదిరిస్తే రెండు ఊళ్లు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. మేం బెదిరించడం మానేశాం. ఊరి పెద్ద, ఎజ్జోడు (పూజారి) దగ్గరికి వెళ్లి కూర్చున్నాం. ముందు నేను ఆ ఊళ్లోనే వేయించుకుని, ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. జ్వరం వస్తే వాళ్లే చూశారు. పొద్దున్న లేచి టీ తాగుతుంటే పెద్దాయన చేయి చాపాడు. ఆ వారంలో ఊళ్లో ఎక్కువమంది వేయించుకున్నారు.

18 నుంచి 44 ఏళ్ల వాళ్లకు మొదట్లో ఆన్‌లైన్‌లోనే పేరు నమోదు చేయాలన్నారు కదా. సిగ్నల్ కోసం చెట్టెక్కేవాళ్లకు ఓటీపీ ఎలా వస్తుంది? మే 24న నేరుగా వచ్చినవాళ్లకూ ప్రభుత్వ కేంద్రాల్లో వేయొచ్చని మార్చాకే మాకు ఊపిరాడింది.

పాడేరు_అమ్మాయి
ఆగస్టు 10, రాత్రి 10:10

సిస్టర్ చెప్పిన ఆన్‌లైన్ సంగతిని సుప్రీంకోర్టు కూడా 2021 మే 31 నాటి ఉత్తర్వులో లేవనెత్తింది. ఇంటర్నెట్ లేని వాళ్లు, అట్టడుగు వర్గాలు టీకాకు దూరమవుతారని.

డాక్టర్ గారి ఆలస్యం ప్రశ్నకు నా సమాధానం: మాస్టారి ఊరు దేశమంతా లాక్‌డౌన్ అనడానికి రెండు రోజుల ముందే దారి మూసింది. ఆలస్యం ఊరి వల్ల కాలేదు. అయినా అత్యవసరానికి చిన్న కమిటీని ముందే ఎన్నుకుని పెట్టుకోవచ్చు. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీ ఆ రోజే నిర్ణయిస్తుంది, గ్రామసభ వారంలోపు కూర్చుని ఒప్పుకుంటుంది లేదా మారుస్తుంది.

నిర్వాహకులు
ఆగస్టు 11, ఉదయం 7:00

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక మనవి: రోగుల పేర్లు, ఆస్పత్రుల పేర్లు, ఊరి పేరుతో పాటు ఇంటి వివరాలు పెట్టకండి. ఇప్పటివరకు అందరూ పాటించారు, ధన్యవాదాలు.

మిర్చి_చేల_పక్కన
ఆగస్టు 11, ఉదయం 8:25

ములుగు జిల్లాలో పిల్లల చదువు మీద పనిచేస్తాను. ఈ చర్చలో ఇంకా రాని మనుషుల గురించి రాస్తున్నాను.

ఏటా ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు గోదావరి ఇవతల మిర్చి ఏరడానికి వస్తాయి. 2020 ఏప్రిల్‌లో పని ఆగింది, బండ్లు లేవు. బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల పాప మిర్చి తోటల నుంచి తనవాళ్లతో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇంటికి కొద్ది దూరంలో చనిపోయింది. దేశమంతా ఆ వార్త చదివింది. ఆ పాప బడిలో ఉండాల్సిన వయసు. నేను పనిచేసే చోట అదే వయసు పిల్లలు ఉంటారు, అందుకే ఇన్నేళ్లయినా అది నన్ను వదలదు.

రెండో సంగతి, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం నడిచిన కాలం నుంచి ఇటు వచ్చి అడవిలో గూడేలు కట్టుకున్న గుత్తికోయలు. ఇక్కడ వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వరు, చాలామందికి రేషన్ కార్డు లేదు. కార్డు మీద ఇచ్చిన 12 కిలోల బియ్యం, 1,500 రూపాయలు కార్డు లేనివాళ్లకు రాలేదు కదా. ఆ రోజుల్లో అప్పటి ములుగు ఎమ్మెల్యే సీతక్క మూటలు నెత్తిన పెట్టుకుని వాగులు దాటి ఇలాంటి గూడేలకు వెళ్లింది. అందరం ఫొటోలు చూశాం, మనసు నిండింది. కానీ ఒక ఎమ్మెల్యే నెత్తిన మోస్తే తప్ప బియ్యం చేరని ఏర్పాటు మారలేదు కదా.

మాస్టారూ, మీ గ్రామసభ జాబితాలో మీ పక్క అడవిలో ఉన్న గుత్తికోయలు ఉన్నారా? లేకపోతే మీ తీర్మానం కూడా వాళ్లను వదిలేస్తుంది.

గూడెం_బడి
ఆగస్టు 11, ఉదయం 10:50

లేరు అక్కా. మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మాకు రెండు కిలోమీటర్ల అవతల ఇరవై మూడు ఇళ్లు ఉన్నాయి. మొద్దులు వేసింది వాళ్లు వచ్చే దారికి కూడా. మా బోరింగు నీళ్ల కోసమే వాళ్లు వస్తారు. ఆ రోజుల్లో నీళ్లు ఎక్కడ తెచ్చుకున్నారో నేను అడగలేదు. ఈ రోజు అడిగి వస్తాను.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగు
ఆగస్టు 11, మధ్యాహ్నం 1:30

మా తాతగారు శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చారు. ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. చర్చ మొత్తం చదివాను. ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి.

1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల కాలనీ పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు సుమారు 5,000 మంది ఉండేవారు. బయటివాళ్లతో వచ్చిన జబ్బులు, అందులో 1877 నాటి తట్టు, వాళ్లను ఊడ్చేశాయి. ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉన్నారు. బో భాష మాట్లాడే చివరి మనిషి 2010 జనవరిలో పోయారు. 2020 ఆగస్టులో వాళ్లలో పది మందికి కరోనా పాజిటివ్ వచ్చిందని పేపర్లో చూసిన రోజు నాకు చేతులు వణికాయి. ఐదుగురిలో ఒకరికి అన్నమాట. వాళ్లు ఉండేది స్ట్రెయిట్ ఐలాండ్‌లో, కానీ ఉద్యోగాలకు, పనులకు మా ఊరికి వస్తూ పోతూ ఉంటారు. మా బజారులో నడిచిన జబ్బే వాళ్లకు చేరింది.

ఒక పెద్ద ఊళ్లో పది మందికి రావడం, యాభై మంది ఉన్న జాతిలో పది మందికి రావడం ఒకటి కావు. మీ దగ్గర కొలాములు, తోటీలు, చెంచులు, కొండరెడ్లు ఉన్నారు. రోజూ వచ్చిన కరోనా బులెటిన్‌లో జిల్లా లెక్క ఉండేది, తెగ లెక్క ఉండేది కాదు. ఎవరికి ఎంత నష్టం జరిగిందో అప్పుడే తెలియాలి. ఆ లెక్క ఊరి దగ్గరే ఉండి, ఊరి అనుమతితోనే బయటికి వెళ్లాలి.

అరిజోనా_నుంచి
ఆగస్టు 11, రాత్రి 11:40

నేను గుంటూరు అమ్మాయిని, ఇక్కడ ఆస్పత్రిలో రెస్పిరేటరీ థెరపిస్టుని. 2020లో మా దగ్గరికి నవాహో నేషన్ (అమెరికాలో నవాహో ఆదివాసీల సొంత నేల) నుంచి చాలామంది వచ్చారు. ఆ ఏడాది మే నెలలో అక్కడ జనాభాతో పోలిస్తే కేసులు న్యూయార్క్ రాష్ట్రాన్ని దాటాయి. మూడు రాష్ట్రాల్లో పరచుకున్న అంత పెద్ద నేలలో సరుకుల దుకాణాలు పదమూడే. దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి నీళ్లు లేవు. చేతులు కడుక్కోండి అని చెప్పడం తేలిక.

కానీ వాళ్లకు సొంత ప్రభుత్వం ఉంది. శుక్రవారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా 57 గంటల కర్ఫ్యూ వాళ్లే పెట్టుకున్నారు. రాష్ట్రం అన్నీ తెరిచినా వాళ్లు తెరవలేదు. టీకా వచ్చాక రేడియోలో నవాహో భాషలోనే చెప్పారు, పెద్దవాళ్లకు ముందు వేశారు, చుట్టుపక్కల ప్రాంతాల కంటే వేగంగా నడిచారు. భాష తెలిసిన పెద్దవాళ్లు పోతే పాటలు, మందులు అన్నీ పోతాయని ఒక పేషెంటు మనవరాలు నాతో అంది.

గూడెం_బడి మాస్టారి మొద్దుల సంగతి చదివితే ఇంకొకటి గుర్తొచ్చింది. సౌత్ డకోటాలో షయాన్ రివర్ సూ తెగ వాళ్లు తమ నేలలోకి వచ్చే రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టారు. తీసేయమని 2020 మేలో ఆ రాష్ట్ర గవర్నర్ హెచ్చరించింది. తీయలేదు. మా దగ్గర ఐసీయూ పడకలు లేవు, దారి దగ్గర ఆపడమే మాకు ఉన్న మందు అన్నది వాళ్ల వాదన. మాస్టారి ఊరి పెద్దలకు ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తారు.

ఖమ్మం_డాక్టర్
ఆగస్టు 12, ఉదయం 6:30

నా సందేహం చాలావరకు తీరింది. రెండు విషయాలు వైద్యం వైపు నుంచి ఇస్తాను. ఒకటి, ఆక్సిజన్ సిలిండర్ కోసం కాదు, గాలి నుంచే ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ కోసం అడగండి. నింపించడానికి కొండ దిగక్కర్లేదు. కరెంటు పోతే పనిచేయదు కాబట్టి పీహెచ్‌సీలో సోలార్ బ్యాకప్ అని కూడా రాయండి. రెండు, మూడు నెలల మందులు ముందే ఊళ్లో ఉండాలి. మలేరియా, టీబీ, బీపీ, షుగర్, సికిల్ సెల్ మాత్రలు. దారి మూయాలంటే ముందు ఇవి లోపల ఉండాలి. దుబాసీ లేకుండా రోగిని పంపితే ఏమవుతుందో సిస్టర్ చెప్పిన మాటకు నేను సాక్షిని. నా వార్డులో కోయ వచ్చిన స్వీపరమ్మ లేకపోతే సగం మంది నాతో మాట్లాడేవాళ్లు కాదు. ఆమెకు దానికి జీతం ఎవరూ ఇవ్వలేదు.

గూడెం_బడి
ఆగస్టు 13, రాత్రి 9:00

మొన్న గుత్తికోయ గూడెం వెళ్లాను. ఆ మూడు నెలలు వాగులో చెలమ తవ్వుకుని తాగారట. ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే రాత్రిపూట చుట్టూ తిరిగి ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారట. మా మొద్దుల దగ్గర కాపలా ఉన్నది నా తమ్ముడే. ఇది మా పెద్దమనుషుల ముందు చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వడ్డె (మా కోయ పూజారి) "వాళ్లనూ పిలవాలి" అన్నాడు.

మీ అందరి మాటలతో ముసాయిదా ఇలా రాశాను. చూసి చెప్పండి.

"రోగం వచ్చినప్పుడు మా ఊరి దారి, మా అంగడి మూయాలన్నా తెరవాలన్నా గ్రామసభను, అత్యవసరమైతే గ్రామసభ ఎన్నుకున్న కమిటీని అడిగి చేయవలసిందిగా కోరుచున్నాము. అంగడి మూస్తే అదే రోజు నుంచి జీసీసీ బండి ఊళ్లోకి వచ్చి అడవి సరుకు కొని, ఉప్పు, నూనె, పప్పు ఇప్పించగలరు. రోగులను ఊరి బడిలో ఉంచుకుంటాము. బయటికి పంపితే మా భాష వచ్చిన మనిషిని తోడు పంపి, ఆ మనిషికి కూలి ఇప్పించగలరు. డోలీ మోసేవారిని ఆరోగ్య సిబ్బందిగా లెక్కించగలరు. మూడు నెలల మందులు ముందే ఊరిలో ఉంచగలరు. సికిల్ సెల్, టీబీ రోగులకు, గర్భిణులకు, బాలింతలకు బండి ఆపరాదు. కార్డు ఉన్నా లేకున్నా గూడెంలో ఉన్న ప్రతి మనిషికీ బియ్యం ఇవ్వగలరు. జనం గుమిగూడరాదన్న ఉత్తర్వు ఉన్నన్ని రోజులు భూమి, అడవి, గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ, ఖాళీ చేయించడం, పోడు చేలలో అటవీశాఖ కందకాలు తవ్వడం జరపరాదు. వేరుగా ఉంచిన మనిషికి గూడు, తిండి, నీళ్లు మా ఊరి బాధ్యత. ఎవరి నీళ్ల దారీ మూయము."

పాడేరు_అమ్మాయి
ఆగస్టు 13, రాత్రి 10:20

మాస్టారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఒక్క మార్పు. "కోరుచున్నాము", "ఇప్పించగలరు" అని అర్జీలో రాస్తాం. ఇది అర్జీ కాదు, గ్రామసభ తీర్మానం. "గ్రామసభ తీర్మానించింది" అని రాయండి. అంగడి, అడవి సరుకు, ఊరి బడి మీద మాట్లాడే అధికారం మీకు చట్టమే ఇచ్చింది. గవర్నర్‌ను అడిగే ఐదో షెడ్యూల్ వాక్యం మర్చిపోయారు. అది ఒక్కటే "కోరుతున్నాం" అని విడిగా చివర పెట్టండి.

ఉట్నూరు_తుడుం
ఆగస్టు 13, రాత్రి 10:45

అన్నా, పోడు కందకాల మాట రాసినందుకు సంతోషం. తెల్లారి మా పటేల్‌కు చదివి వినిపిస్తాను. గోండిలో మేం కూడా పెట్టుకుంటాం.

సీతంపేట_సిస్టర్
ఆగస్టు 14, ఉదయం 5:55

తీర్మానం రిజిస్టర్‌లో రాశాక పేజీ ఫొటో తీసుకోండి మాస్టారూ. సెక్రటరీ సంతకం, ముద్ర ఉన్న కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి పీహెచ్‌సీలో ఉండాలి. 2021లో మా ఊరి తీర్మానం కాగితం ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలియదు.

గూడెం_బడి
ఆగస్టు 14, ఉదయం 7:10

అలాగే సిస్టర్. చెల్లెమ్మ చెప్పిన మార్పులు రాత్రే చేశాను. సభ అంగడి రోజు మధ్యాహ్నానికి మార్చాం, గుత్తికోయ ఇళ్ల వాళ్లు ఆ రోజు ఎలాగూ ఇటు వస్తారు కాబట్టి. కాగితం మీద తెలుగులోనే ఉంటుంది. సభలో మాత్రం మా అమ్మ కోయలో చెబుతుంది. రాత్రి ఒకసారి చెప్పి చూసింది. ఉప్పు దగ్గర ఆగి, పప్పు కంటే ముందు ఉప్పు రాయించావు కదా అని అడిగింది.